తొమ్మిదిన్నర వేళ్ళు

మా తాత బొడొలాయి వెండెల్‌కి
కుడిచేతి చూపుడువేలు సగమే.
మిగతా సగాన్ని
మెజోహెద్యేష్ లాయంలో, కిటికీ పక్క గదిలో
ఒక ఎర్రగుర్రం కొరికేసింది.
దారి చెప్పాలన్నా, తిట్టాలన్నా
ఆ మొండివేలే ఎత్తేవాడు
పతకం చూపించినట్టు.

"ఎడారి నుంచి వచ్చిన పళ్ళు పిల్లా అవి,
రొట్టెముక్కకీ వేలికీ తేడా తెలిసే కొరికింది."

ఫ్రెంచి యుద్ధాల్లో సైన్యం గుర్రాలన్నీ కరిగిపోయాక
ఎవరో బారన్ ఓడెక్కించి తెచ్చాడట మూలపురుషుణ్ణి.
ఆ గుడారాల మనుషులు గుర్రానికి వంశం చెబితే
తండ్రి పేరు చెప్పరు, తల్లి పేరు చెబుతారు.
సక్లావీ జిద్రాన్.
మా వాళ్ళ నోరు తిరగక గిద్రాన్ అయింది.
జేగురు ఒళ్ళు, వెనక్కి వాల్చిన చెవులు,
జీను పట్టుకొచ్చినవాడికి గోడే దిక్కు.
పుట్టుకతో వచ్చిన బుద్ధి అని
రిజిస్టరులో రాయడం బాగుండదు గనక
"చురుకు" అని రాసి ఉంటారు.

స్పెయిన్ ఆడగుర్రానికి దాటించారు.
ఆ కొడుకు మా ఊరికొచ్చాడు.
తరవాత కొంత ఇంగ్లీషు రక్తం, ఎత్తు కోసం,
కందకం దూకేటప్పుడు ఇంకో జానెడు కోసం.
ఎన్ని కలిపినా రంగు మాత్రం ఒకటే,
సెప్టెంబరులో మా చూరు కింద దండలుగా వేలాడే
ఎండుమిరపకాయల రంగు.
ముక్కుపుటాల దగ్గర చర్మం ఎంత పలచనంటే
పరిగెత్తి వచ్చి నిలబడితే
లోపలి ఎరుపు లెక్కపెట్టొచ్చు, నరం నరం.

ఇదంతా తాత చెప్పిందే.
చెప్పనిదీ ఉంది.

నలభైనాలుగు అక్టోబరు.
మందను పడమటికి తోలమన్నారు.
చూలు గుర్రాలు, పాలు మరవని పిల్లలు,
వాన, బురదలో ఊడిపోయే లాడాలు.
ఎన్ని బయల్దేరాయో చెప్పేవాడు.
ఎన్ని చేరాయో అడిగితే
లేచి పొయ్యిలో కట్టె సర్దేవాడు.
ఆ చలికాలం ఎవరి కుండలో ఏం ఉడికిందో
ఎవర్నీ అడక్కూడదని
అమ్మమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది.

తరవాత ట్రాక్టర్లొచ్చాయి.
ట్రాక్టరు కరవదు.
అదొక్కటే దాని తప్పు, అనేవాడు తాత.

నేను గుమస్తాగా చేరిన ఏడు
దేశంలో మిగిలిన ఆడ గిద్రాన్ల జాబితా రాయమన్నారు.
పదహారు.
పేజీ నిండలేదు.
కింద మిగిలిన ఖాళీ గళ్ళ మీద
కాసేపు చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం ఆసుపత్రిలో తాతకి చెప్పాను.
పేర్లు చెప్పమన్నాడు, ఒక్కో పేరుకీ ఒక్కో వేలు ముడిచాడు.
మొండివేలి దగ్గరికొచ్చి ఆగాడు.
"దీని మీద గుర్రం నిలబడదే, జారిపోతుంది" అని నవ్వి,
నవ్వు దగ్గులోకి తిరిగి,
మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు.
రెండోసారీ పదహారే.

తాత పోయిన మూడు వారాలకి, మార్చి మంచులో,
మేం బెర్కెన్యె అని పిలిచే ముసలి గుర్రం ఈనింది.
నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి జారుతున్న ఆడపిల్ల.
ఒళ్ళింకా తడి. లాంతరు దగ్గరికి తెస్తే
అదే మిరపకాయ.

తొమ్మిదో రోజు నుదుటి సుడి చూద్దామని వంగాను.
కొత్తగా మొలిచిన పళ్ళతో ముందు నా కోటు గుండీ లాగింది,
అది ఊడాక నా వేలు పట్టుకుంది.
పశువైద్యుడు కొవాచిక్ చూసి తల అడ్డంగా ఊపాడు:
"ఇప్పుడు కొనేవాళ్ళంతా పిల్లల స్వారీకి అడుగుతున్నారు.
సాధువు అని రాసెయ్యి, పెద్దయ్యేసరికి అదే నేర్చుకుంటుంది."

సరే అన్నాను.
ఆఫీసులో పొయ్యి ఇంకా రాజుకోలేదు.
సిరా బుడ్డిని చంకలో పెట్టుకుని వెచ్చచేశాను.
వరస సంఖ్య: పదిహేడు.
తల్లి పేరు. తల్లి తల్లి పేరు. ఆమె తల్లి పేరు.
రంగు: జేగురు.
గుణం అన్న గడి దగ్గర
నా చూపుడువేలి మీది రెండు ఎర్రగాట్లు చూసుకుని,
"కరుస్తుంది" అని రాసి,
ఆరేదాకా ఊదాను.